తీగలు పలికిన శోకం

చలనచిత్ర సంగీతమనగానే తెలుగువారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది పాట. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నాటి నుండి పాట లేని చిత్రాన్ని ఊహించుకోవడం తెలుగు ప్రేక్షకునికి కష్టమే. రంగస్థల పద్యాలతో, హరికథా కీర్తనలతో పెరిగిన సమాజానికి ఇది సహజమే. చిత్రం విడుదలై ఏళ్లు గడిచాక కథ మరచినవారు కూడా అందులోని పల్లవిని కూనిరాగం తీస్తూనే ఉంటారు. అయితే చలనచిత్రంలో పాట కాని సంగీతం మరొకటి ఉన్నది. అది మాటల వెనుక, మౌనం వెనుక, ఒక పాత్ర తలుపు తీసుకొని లోపలికి అడుగుపెట్టే క్షణం వెనుక నిలిచి ఉంటుంది. దానినే నేపథ్య సంగీతం అంటారు. పేరును బట్టే అది తెర వెనుకది. అందుచేతనే కాబోలు, దానిని శ్రద్ధగా వినేవారు తక్కువ. విన్నా, తాము విన్నామని గుర్తించేవారు మరీ తక్కువ. చంపూకావ్యంలో పద్యాన్ని మెచ్చుకొని గద్యాన్ని దాటవేసే పాఠకుని వంటివాడే, చిత్రంలో పాటను మెచ్చుకొని నేపథ్య సంగీతాన్ని వదిలివేసే ప్రేక్షకుడు. ఇద్దరికీ దక్కేది సగం రసమే.

నేపథ్య సంగీతం ఒక చిత్రానికి ఎంతటి అర్థాన్ని చేకూర్చగలదో తెలుసుకోవడానికి, అందులోనూ అంతగా వాడుకలో లేని ఒక వాద్యం ఒక దృశ్యానికి ఎట్లా ప్రాణం పోయగలదో గ్రహించడానికి 'పథేర్ పాంచాలి'ని మించిన ఉదాహరణ అరుదు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ వంగభాషలో రచించిన నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ తీసిన తొలి చిత్రమిది. 1952లో చిత్రీకరణ ప్రారంభమైనా, ధనాభావం వల్ల పలుమార్లు ఆగిపోయి, చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సహాయంతో పూర్తయి, 1955లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. 1956లో కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ మానవీయ చిత్రంగా పురస్కారం పొందింది. ఈ చిత్రంలోని ఛాయాగ్రహణాన్ని, నటనను, దర్శకత్వాన్ని గూర్చి విమర్శకులు విస్తారంగా రాశారు. దాని సంగీతాన్ని గూర్చి జరగవలసిన చర్చ మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

కథ క్లుప్తమైనది. నిశ్చిందిపురమనే పల్లెలో హరిహరుడనే పేద పురోహితుడు, అతని భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు నివసిస్తారు. ఇందిర్ ఠాకూరణ్ అనే వృద్ధురాలు ఆ ఇంట ఆశ్రయం పొందుతూ ఉంటుంది. దుర్గ తోటలో పండ్లు కోసుకొని వచ్చి ముసలమ్మకు పెడుతుంది. తల్లి చేత తిట్లు తింటుంది. తమ్ముని వెంట రెల్లుపూల పొలం దాటి రైలును చూడడానికి పరుగెత్తుతుంది. ముసలమ్మ కన్నుమూస్తుంది. సంపాదన కోసం హరిహరుడు ఊరు విడిచి వెళతాడు. అతను లేని నెలల్లో ఇల్లు శిథిలమవుతుంది. తొలకరి వానలో తనివితీరా తడిసిన దుర్గ జ్వరపడి, గాలివాన రాత్రి తల్లి ఒడిలోనే ప్రాణం విడుస్తుంది. ఈ సంగతి తెలియని హరిహరుడు కొన్నాళ్లకు కానుకలతో ఇంటికి తిరిగి వస్తాడు. కథలో కుట్రలు లేవు, ప్రతినాయకుడు లేడు. పేదరికమే ప్రతినాయకుడు. ఇటువంటి కథకు ఆర్భాటమైన సంగీతం నప్పదు. ఆ కుటుంబం పెద్ద గొంతుతో మాట్లాడదు. కనుక వారి వెనుక నిలిచే సంగీతమూ పెద్ద గొంతుతో మాట్లాడకూడదు.

ఈ చిత్రానికి సంగీతం సమకూర్చినవారు పండిత్ రవిశంకర్. మైహర్ ఘరానాకు చెందిన ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ వద్ద శిష్యరికం చేసి, సితార్ వాదనలో అప్పటికే పేరు గడించిన విద్వాంసులాయన. 1946లోనే 'ధర్తీ కే లాల్', 'నీచా నగర్' అనే హిందీ చిత్రాలకు సంగీతం కూర్చిన అనుభవం కూడా ఆయనకున్నది. కచేరీల కోసం ఊరూరా తిరుగుతున్న ఆయన కలకత్తాలో ఉండగలిగినది కొద్ది సమయమే. చిత్రంలో సుమారు సగం భాగాన్ని మాత్రమే, అదీ పూర్తిగా కూర్పు కాని స్థితిలో చూశారు. అయినా జానపద ఛాయ గల ఒక చిన్న బాణీని ఆయన అప్పటికే మనసులో సిద్ధం చేసుకొని ఉన్నారు. అదే చిత్రమంతటా వేణువు మీద వినవచ్చే ప్రధాన స్వరమాలిక అయింది. తక్కిన సంగీతమంతా ఒకే రాత్రి, సుమారు 11 గంటల పాటు సాగి తెల్లవారుజామున ముగిసిన ఒకే కూర్చుబాటులో ధ్వనిముద్రితమయింది. పెద్ద వాద్యబృందం లేదు. రాసిపెట్టిన సుదీర్ఘమైన స్వరపత్రాలు లేవు. కొందరు వాద్యకారులు, కొన్ని రాగాలు, ఎదుట ఒక దర్శకుడు, అంతే.

ఆ రాత్రి పుట్టిన సంగీతంలో ప్రతి వాద్యానికీ ఒక నియమితమైన పని ఉన్నది. వేణువు ఆ పల్లె గాలి వంటిది. బాల్యం ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది. వానకు ముందు చెరువు నీటి మీద చిన్న పురుగులు తేలియాడే దృశ్యంలో సితార్ వినిపిస్తుంది. నీటిపై పురుగు అడుగు వేసినంత తేలికగా అక్కడ మీటు పడుతుంది. వాన దృశ్యానికి దేశ్ రాగాన్ని, దుర్గ మరణానంతర దృశ్యానికి తోడి రాగాన్ని ఎన్నుకున్నారు. హిందుస్థానీ సంప్రదాయంలో దేశ్ వర్షఋతువుతో ముడిపడిన రాగం. తోడి గంభీరమైన విషాదాన్ని మోయగల రాగం. మిఠాయి అమ్మేవాడు కావడి భుజాన వేసుకొని నడుస్తుండగా పిల్లలిద్దరూ, వారి వెనుక ఒక కుక్క వరుసగా చెరువు గట్టున సాగిపోయే దృశ్యం ఈ చిత్రం చూసినవారెవరూ మరువనిది. ఆ దృశ్యంలోని చిలిపి సితార్ నాదం మాత్రం రవిశంకర్‌ది కాదు. చిత్రానికి ఛాయాగ్రాహకుడైన సుబ్రత మిత్ర స్వయంగా సితార్ అభ్యసించినవారు. ముద్రించిన సంగీతం చాలకపోగా ఆ ముక్కను ఆయనే వాయించారు. కెమెరా పట్టిన చేయే తీగనూ మీటిందన్నమాట.

ఈ వాద్యాలన్నీ శ్రోతలకు పరిచితమైనవే. పరిచితం కానిది ఒకటి ఉన్నది. దాని పేరు తార్ షెహనాయి. 'తార్' అంటే తీగ. 'షెహనాయి' అంటే తెలుగువారు సన్నాయి అని పిలుచుకొనే వాద్యకుటుంబానికి చెందిన ఉత్తరదేశపు ఊదు వాద్యం. ఈ రెండింటినీ ఒకే పేరులో చేర్చడమే విచిత్రం. భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను నాలుగు తెగలుగా విభజించాడు. తీగలు గలవి తతములు; చర్మం మూసినవి అవనద్ధములు; లోహంతో చేసి తాకించేవి ఘనములు; గాలి ఊదేవి సుషిరములు. వీణ తతం, మృదంగం అవనద్ధం, తాళాలు ఘనం, వేణువు సుషిరం. తార్ షెహనాయి ఈ విభజనలో నిర్మాణాన్ని బట్టి తతమే. వంగదేశంలో రవీంద్ర సంగీతానికి తోడుగా వాయించే ఎస్రాజ్ అనే కమాను వాద్యమే దీనికి మూలం. ఆ ఎస్రాజ్ తీగల కంపనాన్ని ఒక పలుచని పొర ద్వారా గ్రామఫోను బాకా వంటి లోహపు గొట్టంలోకి పంపుతారు. దానితో మృదువుగా పలికే ఎస్రాజ్ గొంతు ఒక్కసారిగా పదునెక్కి, నాసికాస్వరం సంతరించుకొని, సన్నాయిని తలపిస్తుంది. దేహం తీగలది, గొంతు ఊదు వాద్యానిది. ఊపిరి లేని వాద్యం ఊపిరి ఉన్నట్లుగా పలుకుతుంది. మనిషి ఏడుపుకు ఇంత దగ్గరగా రాగల వాద్యం మరొకటి వెదికినా దొరకడం కష్టం.

ఆ వాద్యాన్ని ఈ చిత్రంలో వాయించినవారు దక్షిణామోహన్ ఠాగూర్. అది చిత్రానికి మర్మస్థానమైన దృశ్యం. హరిహరుడు ఎంతోకాలానికి ఇల్లు చేరాడు. కూలిన గోడలను చూసి నొచ్చుకున్నాడు గాని, కూలినది గోడలు మాత్రమే కాదని అతనికి తెలియదు. సంచిలో నుండి ఒక్కొక్క వస్తువే తీసి భార్యకు చూపుతున్నాడు. రొట్టెలు ఒత్తుకొనే పీట, కర్ర తెచ్చాడు. చట్రం కట్టిన లక్ష్మీదేవి పటం తెచ్చాడు. సర్వజయ రాతిబొమ్మలా కూర్చుని ఉన్నది. చివరకు, ఇది దుర్గకు అంటూ ఒక చీర తీశాడు. అంతవరకు బిగబట్టుకొని ఉన్న తల్లి ఆ చీర అందుకొని కుప్పకూలిపోతుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది, ముఖమంతా రోదనమవుతుంది. కాని ఆమె గొంతు ప్రేక్షకునికి వినిపించదు. దాని స్థానంలో తారస్థాయిలో తార్ షెహనాయి పలుకుతుంది. రాగం పట్‌దీప్. కర్ణాటక సంగీతంతో పరిచయమున్నవారికి గౌరీమనోహరి మేళ స్వరాలను గుర్తుచేసే రాగమది. కోమల గాంధారం మీద దిగులుపడి, శుద్ధ నిషాదం మీద పైషడ్జం కోసం చేయి చాచే రాగం. సర్వజయగా నటించిన కరుణా బెనర్జీ ముఖం, ఆ వాద్యం గొంతు ఒక్కటైపోతాయి. ఏది ఎవరి ఏడుపో విడదీయడం సాధ్యం కాదు.

ఒక తల్లి ఏడుపును తీసివేసి దాని స్థానంలో ఒక వాద్యాన్ని ఉంచడం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం సినిమా పాఠ్యగ్రంథాలలో కంటే మన అలంకారశాస్త్రంలో స్పష్టంగా దొరుకుతుంది. 9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యానికి ఆత్మ ధ్వని అని ప్రతిపాదించాడు. వాచ్యంగా చెప్పినదానికంటే సూచించినది సహృదయుని మనసులో ఎక్కువ కాలం మ్రోగుతుందని ఆ సిద్ధాంత సారం. కావ్యప్రకాశ కర్త మమ్మటుడు రసదోషాలను పేర్కొంటూ, రసాన్ని గాని స్థాయీభావాన్ని గాని దాని పేరుతోనే చెప్పివేయడం దోషమన్నాడు. శోకాన్ని 'శోకం' అని చెబితే పాఠకునికి సమాచారం అందుతుంది, శోకం కలగదు. ఈ సూత్రాన్ని చలనచిత్రానికి అన్వయించి చూడవచ్చు. తెర మీద తల్లి ఏడుస్తున్నది. ఆ ఏడుపునే శబ్దంలోనూ వినిపిస్తే, కన్ను చెప్పినదానినే చెవి మరొకమారు చెప్పినట్లవుతుంది. అది పునరుక్తి. గొంతును తొలగించి వాద్యాన్ని ఉంచినప్పుడు కన్ను ఒకటి చెబుతుంది, చెవి మరొకటి చెబుతుంది. ఆ రెండింటి నడుమ ఖాళీని ప్రేక్షకుడు తన గుండెతో నింపుకుంటాడు. వినిపించని ఏడుపును అతడు తన లోపల వింటాడు.

మరొక లాభమూ ఉన్నది. ఒక స్త్రీ గొంతుతో వినిపించే ఏడుపు ఆ స్త్రీది మాత్రమే. వాద్యానికి ఊరు లేదు, పేరు లేదు, భాష లేదు. ఆ గొంతులోకి ఏ తల్లి ఏడుపైనా ప్రవేశించగలదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇదే. పాత్రకు చెందిన భావం ఆ పాత్ర హద్దులు దాటి సర్వజనుల భావంగా మారినప్పుడే రసం నిష్పన్నమవుతుంది. నిశ్చిందిపురంలోని సర్వజయ దుఃఖం వంగభాష తెలియని ప్రేక్షకునికి కూడా తన ఇంటి దుఃఖంగా తోచడానికి ఈ వాద్యం చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. క్రౌంచపక్షి వియోగాన్ని చూసిన వాల్మీకి శోకం శ్లోకమైనదని మన సంప్రదాయం చెబుతుంది. శోకం శ్లోకం కావాలంటే అది ఛందస్సు అనే కట్టుబాటును అంగీకరించాలి. ఇక్కడ సర్వజయ శోకం రాగమనే కట్టుబాటును అంగీకరించింది. కట్టుబాటులో పడిన దుఃఖమే కాలానికి నిలుస్తుంది.

ఈ వాద్యం ఎన్నికలో ఇంకొక ధ్వని కూడా ఉన్నది. షెహనాయి ఉత్తరదేశంలో మంగళవాద్యం. తెలుగునాట పెళ్లిపందిట్లో సన్నాయి మేళం ఎట్లాగో, అక్కడ షెహనాయి అట్లాగే. చిత్రంలో దుర్గ పెళ్లీడు సమీపిస్తున్న పిల్ల. ఈడుపిల్ల పెళ్లిని చూస్తూ ఆమె కన్నీరు పెట్టుకొనే ఘట్టం కూడా ఉన్నది. తండ్రి తెచ్చినది చీర. బ్రతికి ఉంటే ఆ పిల్ల పెళ్లినాడు ఆ ఇంటి ముందు షెహనాయి మ్రోగి ఉండేది. ఇప్పుడు మ్రోగినది షెహనాయి కాదు. షెహనాయిని తలపించే తీగ. శుభకార్యంలో వినిపించవలసిన గొంతు నీడగా మారి, అశుభవేళ ఆ వాకిట్లోకి వచ్చింది. ఇది దర్శకుని సంకల్పమా, యాదృచ్ఛికమా అన్న విచికిత్స కావ్యవిమర్శకు అడ్డంకి కాదు. వ్యంగ్యార్థానికి ప్రమాణం కవి చెప్పిన సాక్ష్యం కాదు, కావ్యంలో దానికి దొరికే ఆధారం. చీర ఉన్నది, పెళ్లి కల ఉన్నది, షెహనాయి గొంతు ఉన్నది. ఈ మూడూ కలిసిన చోట ఆ అర్థం స్ఫురించకుండా ఉండదు.

ఈ పద్ధతిని అంగీకరించనివారూ ఉంటారు. చిత్రమంతా వాస్తవికతకు కట్టుబడి నడిచింది కదా, అత్యంత వాస్తవమైన క్షణంలో తల్లి గొంతు నొక్కివేసి సంగీతాన్ని వినిపించడం కృత్రిమం కాదా అని వారు అడగవచ్చు. దుఃఖాన్ని గొంతెత్తి చెప్పడం కూడా ఉత్తమ కావ్యాలలో ఉన్నదే కదా అనవచ్చు. నిజమే. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి శోకం మౌనంగా లేదు. యుద్ధభూమిలో ఒక్కొక్క కళేబరాన్ని చూస్తూ ఆమె పలికిన మాటలు పర్వం నిండా పరచుకొని ఉన్నాయి. అయితే గాంధారికి మాటలున్నాయి. ఆమె రాణి, తన శోకానికి కారకుడనుకున్నవాడిని ఎదుట నిలిపి శపించగల అధికారం గలది. సర్వజయ ఎవరిని శపించగలదు? వానను శపించాలా, జ్వరాన్ని శపించాలా, సంపాదన కోసం వెళ్లిన భర్తను శపించాలా? ఆమె దుఃఖానికి ప్రతివాది లేడు. మాట అందని దుఃఖం అది. మాట అందని చోటికి సంగీతం వెళ్లడం కృత్రిమం కాదు, అవసరం. పైగా ఇదే చిత్రంలో ముసలమ్మ పాడే పాటకు ఏ వాద్యమూ తోడు లేదు. చూనీబాలాదేవి అనే వృద్ధనటి తన సొంత వణుకు గొంతుతోనే దానిని పాడింది. ఎక్కడ మనిషి గొంతు కావాలో, ఎక్కడ వాద్యం గొంతు కావాలో తెలిసిన దర్శకుడు తీసిన చిత్రమిది.

ఒక్క రాత్రిలో హడావిడిగా ముగిసిన పనికి ఇంత అర్థాన్ని ఆరోపించడం తగునా అన్నది మరొక ఆక్షేపం. కాలం తక్కువ కావడం వేరు, సాధన తక్కువ కావడం వేరు. ఆశుకవి ఒక్క ఘడియలో చెప్పిన పద్యం వెనుక ఏళ్ల తరబడి చేసిన అభ్యాసం ఉంటుంది. అవధాన సంప్రదాయం తెలిసిన తెలుగువారికి ఈ విషయం విడమరచి చెప్పనవసరం లేదు. రవిశంకర్ ఆ రాత్రి రాగాలను వెదకలేదు. అవి అప్పటికే ఆయనలో ఉన్నాయి. పట్‌దీప్ ఎక్కడ కరుణను పలికించగలదో ఆయన వేళ్లకు తెలుసు. ఆ తీగను ఎంత ఒత్తిడితో కమాను తాకాలో దక్షిణామోహన్ చేతికి తెలుసు. ఆ స్వరం ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ఆగాలో రాయ్ కంటికి తెలుసు. ముగ్గురి సాధన ఒక దృశ్యంలో కలిసింది. సాధన సంపత్తి తక్కువగా ఉండడం వల్ల వారికి అనవసరమైనది చేర్చే అవకాశం లేకపోయింది. ఒక విధంగా పేదరికాన్ని గూర్చిన చిత్రానికి ఆ లేమి కూడా మేలే చేసింది.

అపూర్వమైన వాద్యాన్ని వాడడమే గొప్ప అన్న అభిప్రాయం ఇక్కడ కలగకూడదు. 11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే జీవితమన్నాడు. హారం మెడలో ఉంటే అలంకారం, నడుముకు కట్టుకుంటే హాస్యాస్పదం. వాద్యం సంగతీ అంతే. 1949లో కరోల్ రీడ్ దర్శకత్వంలో వచ్చిన 'ది థర్డ్ మాన్' చిత్రంలో సంగీతమంతా దాదాపు జిథర్ అనే ఒకే తీగవాద్యం మీద నడిచింది. వియన్నా నగరపు మధుశాలల్లో వాయించే ఆంటన్ కరాస్ అనే వాద్యకారుని దర్శకుడు ఎన్నుకున్నారు. యుద్ధంలో శిథిలమైన నగరంలో మోసాన్ని గూర్చిన కథకు ఆ నగరపు వాద్యమే పైకి ఉల్లాసంగా, లోపల చేదుగా పలికింది. 1960లో వచ్చిన 'సైకో' చిత్రానికి బెర్నార్డ్ హెర్మన్ ఇతర వాద్యాలన్నింటినీ విడిచి కమాను తీగవాద్యాలతోనే సంగీతం కూర్చారు. ఆ రెండు చిత్రాల్లోనూ ఎన్నిక కొత్తదనం కోసం జరిగినట్లు తోచదు. కథకు ఆ గొంతు తప్ప మరొకటి సరిపడదని అనిపిస్తుంది. వాద్యాన్ని తీసివేస్తే దృశ్యం కూలిపోతుందా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, ఔచిత్యం తేలిపోతుంది. దుర్గ చీర దృశ్యం నుండి తార్ షెహనాయిని తీసివేస్తే మిగిలేది నటన మాత్రమే. ఆ నటన ఎంత గొప్పదైనా.

ఈ చర్చ వంగదేశపు చిత్రంతో ముగిసేది కాదు. తెలుగుదేశంలో అపూర్వ వాద్యాలకు కొదవ లేదు. ఉత్తరాంధ్రలో జముకు, తెలంగాణలో కిన్నెర, పల్లెపల్లెనా తత్త్వాలు పాడేవారి చేతిలో ఏకతార, బుర్రకథకుని తంబూరా ఉన్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ వీరగాథలు పాడే కళాకారుడు. 2022లో విడుదలైన 'భీమ్లా నాయక్' చిత్రగీతంలో ఆయన గొంతు, కిన్నెర వినిపించాయి. అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఎదురు బొంగుతో, సొరకాయ బుర్రలతో చేసిన ఆ వాద్యం పేరు అంతవరకు వినని లక్షలాదిమందికి ఆ పాటవల్ల తెలిసింది. ఇది సంతోషించదగిన పరిణామం. అయితే ఇక్కడితో తృప్తిపడరాదు. పాట ఆరంభంలో వినిపించిన వాద్యం శ్రోతకు పరిచయమవుతుంది. కథలోని ఒక మనిషి దుఃఖాన్ని మోసిన వాద్యం శ్రోతకు ఆత్మీయమవుతుంది. జముకు గొంతుతో ఒక తల్లి నిరీక్షణను, కిన్నెర గొంతుతో ఒక రైతు ఒంటరితనాన్ని చిత్రమంతటా పలికించే సంగీత దర్శకుల కోసం ఆ వాద్యాలు ఎదురుచూస్తున్నాయి. జానపద వాద్యాన్ని పండుగ దృశ్యానికే పరిమితం చేయడం, పల్లెటూరి మనిషిని హాస్యపాత్రకే పరిమితం చేయడం వంటిదే.

వాద్యం బ్రతకాలంటే వాద్యకారుడు బ్రతకాలి. నేపథ్య సంగీతంలో వాయించినవారి పేర్లు తెలిసినవారు బహుకొద్దిమంది. 'పథేర్ పాంచాలి' అనగానే రాయ్ పేరు, రవిశంకర్ పేరు వినబడతాయి. వారిద్దరూ భారతరత్న పురస్కారం పొందిన మహనీయులు. వారి కీర్తి సార్థకం. కాని ఆ చిత్రంలో ప్రపంచమంతటినీ కంటతడి పెట్టించిన కొద్ది క్షణాలకు గొంతునిచ్చిన దక్షిణామోహన్ ఠాగూర్ పేరు ఎంతమందికి తెలుసు? దేవాలయం చూసినవారు కట్టించిన రాజు పేరు చెబుతారు. చెక్కిన శిల్పి పేరు అడగరు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి శాసనాలు అక్కరలేదు. చిత్రం చివర పేర్లు వచ్చేవేళ కుర్చీలోనుండి లేవకుండా కూర్చోవడం, ఆ సన్నాయి ఎవరిది, ఆ వేణువు ఎవరిది అని అడగడం ప్రేక్షకుడు అలవరచుకుంటే చాలు.

ఆ చిత్రానికి కూడా మరణభయం కలిగింది. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దాని మూలప్రతి తీవ్రంగా దెబ్బతిన్నది. కాలి, ముడుచుకొని, పెళుసుబారిన ఆ ఫిల్మును నిపుణులు ఏళ్ల తరువాత చేతితో అంగుళమంగుళం బాగుచేశారు. పనికిరాని భాగాలను ఇతర ప్రతులనుండి తెచ్చి పూరించారు. 2015 నాటికి చిత్రం మళ్లీ కొత్తదానివలె ప్రదర్శనకు సిద్ధమయింది. ఫిల్మును కాపాడుకోవడం సాధ్యమే. కాని ఆ ఫిల్ములో పలికిన వాద్యమో? తార్ షెహనాయి వాయించేవారు నేడు చాలా అరుదు. ధ్వనిముద్రణలో దాని గొంతు నిలిచి ఉంటుంది. ఆ గొంతును మరల పలికించే చేయి లేకపోతే అది పటంలోని దీపంవలె వెలుగు లేని వెలుగుగానే మిగులుతుంది. వాద్యాల నమూనా శబ్దాలను యంత్రాలలో దాచి, మీట నొక్కి వినిపించే కాలంలో ఈ ప్రమాదం మరింత పెద్దది. యంత్రం స్వరాన్ని దాచగలదు. స్వరానికీ స్వరానికీ నడుమ కమాను తటపటాయించిన క్షణాన్ని సృష్టించవలసినది మాత్రం మనిషే.

నేటి చిత్రాలలో నేపథ్య సంగీతానికి బలం పెరిగింది, ఓర్పు తగ్గింది. పాత్ర నడిచినా మ్రోత, నిలిచినా మ్రోత. దుఃఖం రాకముందే వందల తీగలు ఏడవడం మొదలుపెడతాయి. ఇప్పుడు ఏడవాలి అని ప్రేక్షకునికి ఆజ్ఞ ఇచ్చినట్లుంటుంది. ఆజ్ఞకు లోబడి వచ్చిన కన్నీరు ప్రదర్శనశాల గుమ్మం దాటకముందే ఆరిపోతుంది. సత్యజిత్ రాయ్ చిత్రంలో తల్లి శోకం బయటపడేవరకు సంగీతం తన వంతు కోసం వేచి ఉన్నది. పీట చూపినప్పుడు పలకలేదు. పటం చూపినప్పుడు పలకలేదు. చీర చేతికి వచ్చి తల్లి కూలిన తరువాతనే పలికింది. ముందున్న ఆ నిశ్శబ్దమే వెనుకనున్న ఆ స్వరానికి బలమిచ్చింది. ఎప్పుడు పలకాలో తెలియడం కంటే ఎంతవరకు పలకకుండా ఉండాలో తెలియడం కష్టమైన విద్య. కవికైనా, గాయకునికైనా, ఇంట్లో దుఃఖంలో ఉన్నవారిని పలకరించడానికి వెళ్లిన బంధువుకైనా ఈ మాట వర్తిస్తుంది.

కనుక విద్యార్థులు చలనచిత్రాన్ని చూడడంతోపాటు వినడం కూడా అభ్యసించాలి. ఒక దృశ్యాన్ని ఒకసారి మామూలుగా చూసి, మరొకసారి కళ్లు మూసుకొని వినాలి. ఏ వాద్యం పలికింది, ఎప్పుడు ఆగింది, దానిని తీసివేస్తే ఏమి పోతుంది అని తమను తాము ప్రశ్నించుకోవాలి. పద్యంలో యతిప్రాసలను గుర్తించే శ్రద్ధనే ఇక్కడా చూపాలి. తమ ఊళ్లో జముకు, కిన్నెర, ఏకతార వాయించే వృద్ధకళాకారులుంటే వారి దగ్గర కూర్చుని ఆ గొంతు ఎటువంటిదో తెలుసుకోవాలి. వారి పేరు రాసుకోవాలి. రేపు వారిలో ఒకరు ఒక చిత్రానికి సంగీతం కూర్చవలసి వస్తే, ఏ వాద్యం వాడాలన్న ప్రశ్న వారికి ఎదురవుతుంది. కొత్తగా వినిపించేది ఏదని వెదకకుండా, కథలో మాట అందని మనిషి ఎవరని వెదికితే, ఆ మనిషి గొంతుకు సరిపడే వాద్యం వారికి దానంతట అదే దొరుకుతుంది.